నేను కునుకు తీస్తే పోయే ఫ్యూజు

నాలుగు రోజుల ప్రయాణంలో చూడాల్సినవన్నీ చూశాం. వాటి ఫోటోలు అందరి దగ్గరా ఉన్నాయి, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాకు గుర్తుండిపోయింది మాత్రం రెండో రాత్రి ఘాట్ దిగాక ఓ పెట్రోల్ బంకు పక్కన, చేతిలో ఒకే ఒక్క గాజు ఫ్యూజుతో నిలబడ్డ రెండు గంటలు.

కారు మిత్రుడిది. డిక్కీలో నాలుగు ఛానెళ్ల యాంప్లిఫయర్. బ్యాటరీ ప్లస్ నుంచి ఎనిమిదో గేజు (వైరు మందం కొలత) ఎర్ర వైరు, బ్యాటరీకి జానెడు దూరంలో 60 ఆంపియర్ల గాజు ఫ్యూజు, అక్కణ్ణుంచి కార్పెట్ కింద దూరి వెనక్కి. యాంప్లిఫయర్ ఒంటిమీద మళ్లీ 25 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజులు రెండు. ముందొకటి, వెనక రెండు. ఈ లెక్క గుర్తుంచుకోండి.

మొదటి రోజు సాయంత్రం పాట ఠక్కున ఆగిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే ముందున్న గాజు ఫ్యూజు పోయింది. డ్యాష్‌బోర్డు అరలో స్పేర్లు మూడున్నాయి. సౌండ్ మరీ ఎక్కువ పెట్టామనుకుని ఒకటి మార్చి బయల్దేరాం. మర్నాడు ఘాట్ ఎక్కుతుండగా రెండోది పోయింది. ఈసారి వాల్యూమ్ సగం కూడా లేదు. దిగేటప్పుడు మూడోది. "నువ్వు కునుకు తీసినప్పుడల్లా పోతోందిరా" అన్నాడు వెనక సీట్లోంచి ఒకడు. అందరం నవ్వాం. నవ్వకుండా ఆ మాట పట్టుకుని ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది.

బంకు దగ్గర ఆపేసరికి మిగిలిన స్పేరు ఒకటే. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేద్దామన్నాడు మిత్రుడు. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు ఇంట్లో పింగాణీ ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే సన్న తీగ బదులు రెండు పేటలు మెలేసి కట్టేవాళ్లు. మళ్లీ పోయేది కాదు, నిజమే. గోడలో వైరు మాత్రం మాడిపోయింది. కారులో ఇంకా ఘోరం. స్టార్టర్ మోటారుకి వందలకొద్దీ ఆంపియర్లు ఒక్క ఊపులో ఇచ్చే బ్యాటరీ అది. ముందున్న ఫ్యూజు యాంప్లిఫయర్‌ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. దాన్ని కాగితంతో కట్టేస్తే కార్పెట్ కింద వైరే ఫ్యూజవుతుంది. 60 బదులు 100 వేయడమూ అదే పని, కాస్త మర్యాదగా.

పోయిన మూడు ఫ్యూజుల్నీ ఫోన్ లైటు కింద పక్కపక్కన పెట్టి చూశాను. మూడింట్లోనూ గాజు లోపల నల్లగా, అక్కడక్కడ వెండి చిమ్మినట్టు మరకలు. లోపలి పట్టీ కరగలేదు, పేలింది. సౌండ్ ఎక్కువై నెమ్మదిగా వేడెక్కి పోయిన ఫ్యూజు ఇలా ఉండదు. గాజు తేటగా ఉంటుంది, పట్టీ మధ్యలో చిన్న ఖాళీ కనపడుతుంది, అంతే. ఒక చివరి టోపీ మాత్రమే గోధుమరంగుకి తిరిగి, హోల్డరు ప్లాస్టిక్ మెత్తబడితే అక్కడ పట్టు వదులైందని అర్థం, కరెంటు తప్పేం లేదు. మావి మూడూ పేలినవే. అంటే నేరుగా షార్ట్ సర్క్యూట్.

వెనక బ్లేడు ఫ్యూజులు ఊడదీసి చూస్తే రెండూ శుభ్రంగా ఉన్నాయి. యాంప్లిఫయర్ లోపల షార్ట్ ఉంటే ముందు ఆ చిన్నవి పోవాలి, కనీసం పెద్దదాంతో పాటన్నా పోవాలి. అవి బతికి ఉన్నాయంటే ఆ కరెంటు యాంప్లిఫయర్ దాకా రానేలేదు. తప్పు ముందు ఫ్యూజుకీ డిక్కీకీ మధ్య ఉన్న అయిదు మీటర్ల వైరులో ఎక్కడో ఉంది. అయితే ఆ అయిదు మీటర్లూ కార్పెట్ కిందే.

పక్కనే ఒక ఎలక్ట్రీషియన్ లారీ వెనక లైటు బాగుచేస్తున్నాడు. మా గొడవంతా విని లేచొచ్చాడు.

"ఆ చివరిది పెట్టకు తమ్ముడూ. దాని జాగాలో లైటు పెట్టు."

పెట్టె వెతికి ఒక బల్బు తీశాడు, వెలుగులో పెట్టి అంకె చదివి పక్కన పడేశాడు. "ఇది లారీది, 24 వోల్టులది. నీ బండికి గుడ్డిదీపంలా వెలుగుద్ది, ఏమీ తెలీదు." ఇంకొకటి దొరికింది, 12 వోల్టులు, 21 వాట్లు, ఇండికేటర్లో వేసేది. రెండు తీగలు అతికించి, చివర్లకి మొసలి క్లిప్పులు తగిలించి, ఖాళీ ఫ్యూజు హోల్డరుకి అటొకటి ఇటొకటి పట్టించాడు. కారు తాళంచెవి తీసేయమన్నాడు. యాంప్లిఫయర్ నడుస్తుంటే ఆ మామూలు కరెంటుకే బల్బు కాస్త వెలిగి తికమక పెడుతుంది.

ఎంత తేలికైన ఉపాయమో చూడండి. కారు బాడీ అంతా బ్యాటరీ మైనస్‌కే కలిసి ఉంటుంది. వెనక వైరు ఆ బాడీకి తగిలి ఉంటే బ్యాటరీ పన్నెండు వోల్టులూ బల్బు మీదే పడతాయి, నిండుగా వెలుగుతుంది. అయినా పారేది 1.75 ఆంపియర్లే కాబట్టి వైరు వెచ్చనైనా కాదు, ఫ్యూజు ఖర్చు కాదు, ఎంతసేపైనా వెతుక్కోవచ్చు. షార్ట్ లేకపోతే యాంప్లిఫయర్ కెపాసిటర్లు నిండే క్షణంలో మినుక్కుమంటే మంటుంది, తర్వాత చీకటే.

మాది మినుక్కుమని ఆరిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"బండి నిలబడి ఉందిగా" అన్నాడతను తాపీగా. "నడిచేటప్పుడు ఏది కదులుద్దో అది కదిలించండి." ఇంజను గది నుంచి లోపలికి వైరు దూరే రేకు కంత ముందు. రేకు అంచు వైరుని కోయకుండా పెట్టే రబ్బరు గ్రోమెట్ ఉంది, లాగి చూశాం, ఏం లేదు. డోరు కింది గుమ్మం పట్టీ స్క్రూలు వైరుని పొడిచాయేమోనని విప్పితే అసలు వైరు అటు వెళ్లనే లేదు. డిక్కీలో యాంప్లిఫయర్‌ని ఊపాం. బల్బు చీకటిగానే ఉంది.

"పోయినప్పుడు ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారు?"

వెనక సీటువాడు మళ్లీ అదే మాటన్నాడు, ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను ముందు సీట్లో కూర్చుని, కునుక్కి ముందు చేసినట్టే మీట లాగి సీటు చివరిదాకా వెనక్కి తోశాను. బానెట్ దగ్గర్నుంచి కేక. "వెలిగింది!" ముందుకి జరిపాను, ఆరింది. వెనక్కి, వెలిగింది.

కార్పెట్ లేపి చూస్తే కనపడింది. బిగించినవాడెవడో గుమ్మం పట్టీ కింద తిప్పడానికి బద్ధకించి, వైరుని సీటు పట్టాల కిందుగా అడ్డదారిన లాగాడు. సీటు చివరికి పోతే పట్టా అంచు సరిగ్గా దాని మీదికి దిగుతోంది. ఎర్ర తొడుగు గోరంత మేర తెగింది. లోపల అయిదారు పోగులు కరిగి పూసకట్టాయి. పట్టా అడుగున ఆవగింజంత నల్లగుంట. కోసి చూస్తే పోగులు వెండిరంగులో ఉన్నాయి. రాగి కాదు, పైన రాగిపూత పూసిన అల్యూమినియం.

ఇదీ తెలుసుకోవాల్సిందే. ఎనిమిదో గేజు అసలు రాగికి మీటరుకి సుమారు రెండు మిల్లీ ఓములు. అయిదు మీటర్లలో 40 ఆంపియర్లు పారితే 0.4 వోల్టు దారిలోనే పోతుంది. ఈ రకం వైరైతే దానికి ఒకటిన్నర రెట్లు. అలాంటిదానికి 60 ఫ్యూజు ఎక్కువే. నాలుగు ఛానెళ్లూ కలిపి 240 వాట్ల ఏబీ క్లాసు అనే రకం యాంప్లిఫయర్ ఇది. అరవై శాతం సామర్థ్యం అనుకుంటే 400 వాట్లు లాగుతుంది, 13.8 వోల్టుల దగ్గర దాదాపు 29 ఆంపియర్లు. 40 చాలు. అతని పెట్టెలోనే 40 ఒకటి దొరికింది.

ముందు పదో నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ విప్పాం. చెడిన ముక్క కోసేసి, రెండు చివర్లనీ లోహపు స్లీవులో దూర్చి నొక్కి క్రింపు చేసి, పైన వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం లైటరుతో బిగించాడు. "టేపు చుట్టి వదిలేస్తే ఎండకి జిగురు కారిపోద్ది." వైరుని గుమ్మం పట్టీ కిందికి మార్చాం. పొడవు బొటాబొటిగా సరిపోయింది. మళ్లీ మైనస్ తగిలించి, బల్బు పెట్టి, సీటు పదిసార్లు ముందుకీ వెనక్కీ. చీకటే. అప్పుడు బల్బు తీసి ఫ్యూజు.

క్రింపు చేస్తూనే అతనన్నాడు, "వెనక చిన్నవి పోయుంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదు తమ్ముడూ." నిజమే, అది రోడ్డు మీద అయ్యే పని కాదు. యాంప్లిఫయర్ వైర్లన్నీ పీకి, మల్టీమీటరు డయోడ్ గుర్తు మీద పెట్టి, ఎర్ర మొన గ్రౌండుకీ నల్ల మొన ప్లస్‌కీ ఆనిస్తే సుమారు అర వోల్టు చూపాలి. అటూ ఇటూ మార్చినా సున్నాయే వస్తుంటే దాని పవర్ సప్లైలో స్విచ్చుల్లా పనిచేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు గానీ, ప్లస్ మైనస్ తారుమారైనప్పుడు అడ్డుపడే రక్షణ డయోడ్ గానీ షార్టైనట్టు. డయోడే అయితే అదృష్టం. మాస్‌ఫెట్లైతే పోయిన ఒక్కదాన్నే మార్చి లాభం లేదు. ఆ వరసంతా మార్చాలి, వాటి గేట్ రెసిస్టర్లు కొలవాలి, లేకపోతే కొత్తవీ నిమిషంలో పోతాయి. యాంప్లిఫయర్‌ని ఆన్ చేసే రిమోట్ తీగ తగిలించాకే ఫ్యూజు పోతోందంటే స్పీకర్లని నడిపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లూ చూడాలి. సౌండ్ పెంచితేనే పోతోందంటే ముందు స్పీకర్లు కొలవాలి. నాలుగు ఓముల స్పీకరు మీటరులో 3.2 నుంచి 3.7 దాకా చూపుతుంది. రెండు స్పీకర్లని సమాంతరంగా కలిపి, రెండు ఛానెళ్లని ఒకటిగా చేసిన (బ్రిడ్జ్) చోట 1.7 కనపడితే, నాలుగు ఓముల కంటే తక్కువ వద్దన్న యాంప్లిఫయర్‌కి అది భారమే. స్పీకరు తీగ ఏదీ, మైనస్ అయినా సరే, బాడీకి తగలకూడదు.

మూడో రోజు ఉదయం మీటరు చేతిలో ఉంది కదా అని ఎర్త్ కూడా, అంటే యాంప్లిఫయర్ మైనస్ తీగని బాడీకి బిగించిన చోటు, కొలిచాను. ఇంజను ఆన్ చేసి పాట గట్టిగా పెట్టి, బ్యాటరీ మైనస్‌కీ యాంప్లిఫయర్ గ్రౌండుకీ మధ్య చూస్తే 0.7 వోల్టు. 0.1 దాటకూడదు. ఎర్త్ బోల్టు పెయింటు మీదే బిగించేశాడా మహానుభావుడు. రేకు మెరిసేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగిస్తే 0.08కి దిగింది.

తిరుగు దారిలో సీటు చివరిదాకా వెనక్కి తోసి పడుకున్నాను. లేచేసరికి ఘాట్ అయిపోయింది, క్యాసెట్ల కాలంనాటి ఏదో పాట మోగుతోంది. ఆ 60 ఫ్యూజు ఇంకా నా జేబులోనే ఉంది.