ఐదొందలు, ఒక అగరబత్తి పుల్ల

రాత్రి పన్నెండు దాటింది. టీవీ కింద ఆ నల్ల పెట్టె, అదే, స్పీకర్లను పాడించే రిసీవర్, మూత లేకుండా కూర్చోనుంది. పాడతా ఉంది. నిజంగానే పాడతా ఉంది, ఐదు స్పీకర్లలోనూ. అయినా నాకు నిద్ర రాలేదు. ఆ ఐదొందలు గుర్తొస్తా ఉన్నాయి.

ఈ రిసీవర్ ఆగిపోయిందని సంక్రాంతి అయినప్పటి నుంచీ నా గోల వింటానే ఉన్నారు కాబట్టి కతంతా మళ్లీ ఎత్తుకోను. స్విచ్చి నొక్కితే లోపల స్పీకర్లకు లైను కలిపే రిలే ‘టక్’ అనాల, అనదు. మూడు సెకన్లు ఆలోచించుకోని, ఎర్ర లైటు మిణుకు మిణుకుమని ఆరిపోతుంది. ప్రొటెక్షన్‌లోకి పోవడం అంటారు దాన్ని, లోపల ఏదో తప్పుందని తనంతట తానే ఆగిపోవడం. 2012లో కొన్నది, చాల్లే, సౌండ్‌బార్ ఒకటి గోడకు తగిలించుకుందాం అని ఇంటామె మొదటి రోజే తేల్చేసింది. అమ్మ మాత్రం, పొద్దున ఎస్వీబీసీలో గంటల మోత ఆ పెట్టెలో వచ్చినట్టు టీవీలో రాదు నాయనా, అనింది. నేను అమ్మ పార్టీ.

ఆ రిపేరు షాపుకు ఇచ్చి తప్పు చేసినా. ఇరవై మూడు రోజులు పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే ‘రేపు సార్’, పోతే ‘చెన్నై నుంచి పార్టు రావాల సార్’, ఇంకోసారి పోతే షట్టరు దించి ఉంది. ఒకరోజు భోజనం టైములో పోతే టిఫిన్ బాక్సు నా రిసీవర్ మీదనే పెట్టుకోని తింటా ఉన్నాడు. పెరుగన్నం. నేను చూసినానని తెలిసి కూడా బాక్సు తీయలేదు. ఇరవై మూడో రోజు పెట్టె నా చేతిలో పెట్టి, ‘ఔట్‌పుట్ షార్ట్, బోర్డు పోయింది’ అని చీటీ మీద గొలుసుకట్టులో గీకి, ‘కొత్త బోర్డు రాదు సార్, ఈ మోడల్ ఆపేసినారు, స్క్రాప్‌కు వేసుకోండి’ అన్నాడు. అని, ఐదొందలు చెకింగ్ చార్జీ అన్నాడు. బాగు చేయనందుకు ఐదొందలు! ఇచ్చి వచ్చేసినాను. బండి మీద గాంధీ రోడ్డు దాటేదాకా, అనాల్సిన మాటలన్నీ హెల్మెట్ లోపల అనుకుంటా వచ్చినా.

ఆ కోపమే నాచేత ఇవాళ మూత విప్పించింది. నాకు ఎలక్ట్రానిక్స్ వచ్చని కాదు. చదివింది కామర్సు.

నాకు వచ్చిందల్లా మైకుసెట్టు మామ దగ్గర చూసిందే. అమ్మకు సొంత తమ్ముడు, పాకాల దగ్గర ఊరు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు మైకుసెట్టు కట్టేవాడు. ఒక ఏడు గంగ జాతరకు తిరుపతిలో ఏదో వీధి వాళ్లు పిలిచినారు. నాకు తొమ్మిదో పదో. జాతరలో రోజుకొక వేషం కడతారు, ఆ రోజుది ‘తోటి’ వేషం. ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకోని, వేపమండలు నడుముకు కట్టుకోని, తాతయ్యగుంట గుడికి పోయి వచ్చి మామ బల్ల దగ్గర నిలబడినాను. పొంగళ్లు పెట్టే వేళకు యాంప్లిఫయరు గమ్మునైపోయింది. రేకు గొట్టాలు రెండూ మూగవోయినాయి. వీధి పెద్దమనిషి ఒకాయన మీదికి వచ్చి మామను నోటికొచ్చినట్టు తిడతా ఉంటే, మామ ఒక్క మాట తిరిగి అనకుండా మూత విప్పి, నా చేతికి టార్చిలైటు ఇచ్చి, ‘దూరం నుంచే పట్టుకో అల్లుడా, నీ బొగ్గు చేతులు లోపల పెడితే ఇద్దరం పోతాం. బొగ్గులో కరెంటు పారుతుంది’ అన్నాడు.

తర్వాత సిరీస్ బోర్డు తీసినాడు. హోల్డరుకు వంద వాట్ల బల్బు, దాని గుండానే యాంప్లిఫయరుకు కరెంటు. ‘బల్బు నిండుగా ఎలిగితే లోపల షార్టు. నువ్వు తప్పుకో. ఒక్కసారి మిణుక్కుమని సన్నబడితే భయంల్యా, తప్పు వేరే చోట ఉంది’ అన్నాడు. ఆ రోజు సన్నబడింది. అప్పుడు ఎండిన వేపపుల్ల ఒకటి ఏరుకోని, కరెంటు పెట్టే ఉంచి, బోర్డు మీద ఒక్కొక్క పార్టునూ మెల్లిగా నొక్కతా వచ్చినాడు. కంసాలి నగ పట్టి చూసినట్టు. ఒక చోట నొక్కేసరికి గొట్టాలు రెండూ గర్రుమన్నాయి. వీధంతా అరుపులు. తిట్టినాయనే వచ్చి మామకు సోడా తాగిపించినాడు. మామ మాత్రం సోడా సగం నాకిచ్చి, టంకం పుల్ల ఎక్కడ పెట్టినానా అని వెతుక్కుంటా ఉన్నాడు. మామ పోయి ఆరేళ్లయింది. ఆ బల్ల, ఆ గొట్టాలు ఎవరు తీసుకున్నారో అమ్మకు కూడా తెలీదు.

సరే, ఇవాళ్టికి వస్తాను. ఫిలమెంట్ బల్బు కోసమే సాయంత్రమంతా తిరిగినా. ఎక్కడ అడిగినా ఎల్ఈడీ. దాంతో పని జరగదు. బైరాగిపట్టెడలో ఒక ముసలాయన అటక మీది నుంచి దుమ్ముతో సహా దించి ఇచ్చినాడు, పది రూపాయలకు. సిరీస్ కట్టి ప్లగ్గు పెట్టినా. బల్బు భగ్గుమని వెలిగి, వెంటనే సన్నబడింది. షార్ట్ లేదు! ప్లగ్గు పీకి, కరెంటు దాచిపెట్టుకునే 10,000 మైక్రోఫారడ్‌ల పెద్ద కెపాసిటర్లు రెండింటినీ సిమెంట్ రెసిస్టరుతో ఖాళీ చేసి, ఏడు స్పీకర్ల దాకా పాడించే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఏడు జతలూ మీటరు పెట్టి చూసినా. ఒక్కటి కూడా షార్ట్ కాదు. ఔట్‌పుట్ షార్ట్ అని చీటీ మీద రాసినాడే! వాడు మూతైనా విప్పినాడా, లేక పెరుగన్నానికి బల్లగానే వాడుకున్నాడా అని ఇంటామెను పిలిచి మరీ చూపించినాను. ఆమె మీటరు వైపు చూడలేదు. నేల మీద పరిచిన కొత్త బెడ్‌షీట్ వైపు చూసింది.

సప్లై బోర్డు మీద మామూలుగా వోల్టేజీని నిలకడగా ఉంచే చిన్న రెగ్యులేటర్లు రెండు ఉంటాయి. 7812 ప్లస్ పన్నెండు వోల్టులు ఇస్తుంది, 7912 మైనస్ పన్నెండు. ప్లస్ సరిగ్గా ఉంది. మైనస్ దగ్గర నేను అరగంట తప్పుడు కాలు మీద మీటరు పెట్టుకోని కూర్చున్నా. 78లో మొదటి కాలు ఇన్‌పుట్, 79లో మొదటి కాలు గ్రౌండ్. చూడ్డానికి అన్నదమ్ముల మాదిరి ఉంటాయి, కాళ్లు మాత్రం వేరు. అది తెలిసినాక పెడితే మైనస్ మూడు, కాసేపటికి మైనస్ నాలుగు, మళ్లీ సున్నా. నిలకడ లేదు. ఆ వోల్టేజీ లేకుంటే, లోపల పెట్టెను నడిపే చిప్పు రిలేను వేయనీయదు. అదే మన ఎర్ర లైటు.

అమ్మ పూజ గూట్లోంచి కాలిపోయిన అగరబత్తి పుల్ల తెచ్చి 7912ను అటూ ఇటూ మెల్లిగా నొక్కినా. టక్.

బోర్డు తిప్పి భూతద్దంలో చూస్తే, నడిమి కాలు చుట్టూ టంకంలో వెంట్రుక మందం నల్ల గీత, గుండ్రంగా, ఉంగరం మాదిరి. హీట్‌సింక్‌కు బిగించిన పార్టు వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఇన్నేళ్లు రోజూ అట్లే చేస్తే టంకం విడిపోకుండా ఎట్లుంటుంది. పాతది పీల్చేసి, మూడు కాళ్లకూ కొత్త టంకం వేసినా. ఖర్చు లెక్కేస్తే అర్ధరూపాయి కూడా కాదు. అంతే. పాడింది. చిన్నది వచ్చి కాసేపు ఎగిరింది. బాగుండింది.

ఈ టపా అసలు ఇక్కడ, ‘అర్ధరూపాయి పనికి ఐదొందలు’ అని ముగియాల్సింది. భోజనం చేస్తా అట్లే రాయాలనుకున్నా.

తిన్నాక టంకం వదిలిన జిగట తుడుద్దామని బోర్డు మళ్లీ తిప్పినా. నేను వేసిన మూడు చుక్కలు తళతళా మెరుస్తా ఉన్నాయి. కంపెనీ టంకంలో సీసం ఉండదు, మసకగా బూడిద రంగులో ఉంటుంది. మనం వాడేది సీసం కలిసింది, మెరుస్తుంది. ఆ తేడా చూసి మురిసిపోతా పక్కన ఆంప్లిఫయరు బోర్డు మీదికి టార్చి తిప్పినాను. అక్కడ కూడా మెరుస్తా ఉన్నాయి. లెక్కపెట్టినా. పది చుక్కలు. ఎడమ ముందు స్పీకరు జత ట్రాన్సిస్టర్లవి ఆరు కాళ్లు, పక్కన తెల్ల రెసిస్టర్లు రెండింటివి నాలుగు. ఇటు తిప్పి చూస్తే, మిగతా ఆరు జతల కింద వేడి లాగే తెల్ల పేస్టు ఎండి సుద్ద మాదిరి ఉంది. ఆ ఒక్క జత కింద మాత్రం ఇంకా మెత్తగా, వేలికి అంటుకుంది.

ఔట్‌పుట్ షార్ట్ అని రాసింది నిజమే. అది షార్టే. ఆ జతను ఆయన మార్చినాడు. చెన్నై నుంచి పార్టు రావాల అన్నది కూడా నిజమే అయ్యుంటుంది. నేను చెన్నైలో పార్టులు అమ్మే రిచీ స్ట్రీట్‌కు ఫోన్ చేసి అడిగినప్పుడు అసలు సరుకు జత ఆరొందలు చెప్పినారు. మార్చినాక కూడా ఎర్ర లైటే వస్తా ఉంటే బోర్డే పోయిందనుకోని వదిలేసినట్టున్నాడు. పార్టుల డబ్బు అడగనే లేదు. పైన అంతా ‘వాడు’ అని రాసినాను. దిద్దను, అట్లే ఉండనీ.

ఇంకొకటి ఉంది. ఇది ఇంటామెకు కూడా చెప్పలేదు, ఇక్కడ చదువుకుంటుందిలే. షాపుకు తీసుకపోయేటప్పుడు వెనక వైర్లు పీకతా ఉంటే ఎడమ స్పీకరు దగ్గర రాగి పోగు ఒకటి ఎర్రదాని నుంచి నల్లదానికి ఆనుకోని ఉండింది. భోగి ముందు బూజు దులిపినప్పుడు ఆ వైర్లు పీకి పెట్టింది నేనే. పోగు తుంచి కిటికీలోంచి పారేసినా. షాపులో ఆయన మొట్టమొదట అడిగిన ప్రశ్న, ‘వైర్లు ఏమైనా షార్ట్ అయినాయా సార్?’ లేదు, దానంతట అదే ఆగిపోయింది, అన్నాను. ఒప్పుకుంటే బిల్లు పెంచుతాడని. అది చెప్పుంటే ఆయనకు ఎన్ని రోజులు కలిసొచ్చేదో.

అట్లని పెరుగన్నం మర్చిపోలేదు. పుల్లతో ఒకసారి నొక్కి చూసుంటే అయ్యేది కదా అనేది కూడా పోలేదు. పైగా బోర్డు ఊడబెరికేటప్పుడు ఆ కాలి దగ్గర చీలిక పెద్దదయిందేమో, అది ఆయన చేతి చలువేనేమో, ఎవరు చెప్పగలరు. రేపు అటువైపు పని ఉంది. ఆగి ఏమని చెప్పాల? సార్, మీరు మార్చిన జత బాగుంది, నేను అబద్ధం చెప్పినా, ఈ వంద తీసుకోండి, అనా? వంద ఏం సరిపోతుంది.

మూత బిగిద్దామని స్క్రూల గిన్నె దగ్గరికి తీసుకున్నా. ఏడు బొక్కలు, గిన్నెలో ఆరు స్క్రూలు. బెడ్‌షీట్ దులిపినా, సోఫా కింద టార్చి వేసినా, దొరకలేదు. నేను పారేసుకున్నానో, షాపు నుంచే ఆరింటితో వచ్చిందో.