నడుస్తుండగానే ఇచ్చేసిన బండ్లు

నా చేతిలో ఏ కారూ మూలపడి చావలేదు. అన్నీ సెల్ఫ్ కొట్టగానే అందుకునే స్థితిలో ఉండగానే ఇంకొకళ్ల చేతికి వెళ్లాయి. "అంత ఇష్టమైన బండిని ఎలా అమ్మబుద్ధేసిందిరా" అని స్నేహితులు ఇప్పటికీ దెప్పుతుంటారు. ఇష్టం కాబట్టే అమ్మాను అంటే నవ్వుతారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొదటిది ప్రీమియర్ పద్మిని. ఫియట్ 1100కే 1974లో ఆ పేరు పెట్టారు కానీ, మా ఇంట్లో చివరిదాకా అది ఫియట్టే. నా దగ్గరికి వచ్చేసరికే అది చాలా చేతులు మారింది. 1089 సీసీ ఇంజను, పవరు వెనక చక్రాలకు, గేరు రాడ్డేమో స్టీరింగ్ పక్కన. ఆ రాడ్డు నుంచి కింద గేర్‌బాక్సు దాకా వరసగా లింకులుంటాయి. ఏళ్ల వాడకంలో వాటి బుష్‌లు అరిగితే గేరు ఎక్కడ పడుతుందో చేత్తో వెతుక్కోవాల్సిందే. నా బండిలో రెండో గేరు ఎక్కడుందో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తాళం వేయడం మర్చిపోయినా నిశ్చింతగా నిద్రపోయేవాణ్ని.

అందులో నాకు ప్రాణం మాత్రం ముందు తలుపుకుండే ఆ చిన్న త్రికోణపు అద్దం. చిలక తిప్పి నెడితే అది నిలువు ఇరుసు మీద తిరిగేది. కొంచెం తెరిస్తే లోపలి గాలిని బయటికి లాగేసేది. బాగా వెనక్కి తిప్పేస్తే బయటి గాలి నేరుగా ఛాతీ మీదికి కొట్టేది. ఎంత తిప్పితే మొహానికి, ఎంత తిప్పితే చంకలోకి అన్నది అలవాటు మీద తెలిసేది. ఏసీ లేదన్న బెంగే ఉండేది కాదు, బండి కదులుతున్నంతసేపూ. ఇప్పటి కార్లలో ఈ అద్దం ఎందుకు తీసేశారో కారణాలు నాకూ తెలుసు. గాలి హోరు, రబ్బరు సందుల్లోంచి కారే నీళ్లు, ఏసీ వచ్చాక దాని అవసరమే లేకపోవడం. తెలిసినా ఒప్పుకోను.

ఆగితే మాత్రం కష్టం. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకి పంపే కార్బ్యురేటర్ ఉన్న బండ్లు చాలావాటిలో పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉండేది. మండే ఎండలో ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరయ్యేది. ద్రవాన్ని తోడటానికి చేసిన పంపు ఆవిరిని ఎక్కడ తోడుతుంది? బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి, నీడ చూసుకుని నిలబడటమే. డిక్కీలో స్టెప్నీ పక్కన ఒక నీళ్ల సీసా, ఒక చిరిగిన తువ్వాలు ఎప్పుడూ ఉండేవి. తువ్వాలు ఉతకాలని మా ఆవిడ అడిగితే, అది బండి సామానని చెప్పి ఇచ్చేవాణ్ని కాదు.

ఈ తిప్పలు పడలేక దాన్ని వదల్లేదు. దాని కార్బ్యురేటర్‌ను చెవితో విని సరిచేసే మెకానిక్ పని మానేశాడు. అప్పటికి ఆ కార్ల తయారీ కూడా ఆగిపోయింది. పాత బండ్ల పిచ్చి ఉన్న ఒకాయన వచ్చి, ధర సంగతి ఎత్తకుండా ముందు కిందకి దూరి ఛాసిస్ చూశాడు. అక్కడే నా మనసు కుదిరింది. ఆయన దగ్గర విడిభాగాల కోసమే ఇంకో ఫియట్ విప్పి పెట్టి ఉందట. నా దగ్గర కంటే అక్కడే దానికి ఆయుష్షు ఎక్కువ.

తర్వాత మారుతి 800. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి కాబట్టి ఎవరి జ్ఞాపకం వాళ్లకుంటుంది, నాది క్లుప్తంగా కానిచ్చేస్తాను. 796 సీసీ, మూడు సిలిండర్లు. సిగ్నల్ దగ్గర నిలబెడితే స్టీరింగ్‌లోంచి సన్నటి వణుకు అరచేతుల్లోకి వచ్చేది. మూడు సిలిండర్ల ఇంజను స్వభావమే అది, కదిలాక మాయం. చుట్టూ సన్నటి పిల్లర్లు, పెద్ద అద్దాలు. రివర్స్ చేసేటప్పుడు తల తిప్పితే చాలు, వెనక మూలలు రెండూ కనిపించేవి. పిల్లలు ఎదిగి వెనక సీట్లో మోకాళ్లు పట్టకపోవడంతో అది మా బంధువులమ్మాయి డ్రైవింగ్ నేర్చుకోవడానికి వెళ్లింది.

దాని తర్వాత ఒక పెద్ద సెడాన్ కొన్నాను. బాగానే ఉండేది. రంగు కూడా గుర్తులేదు.

నిజంగా కడుపులో దేవినట్టయింది మారుతి వాళ్ల జెన్ కారు ఇచ్చేసినప్పుడే. 1993లో వచ్చిన ఆ గుండ్రటి మోడల్. 993 సీసీ, నాలుగు సిలిండర్లు, అల్యూమినియం ఇంజను, ఐదు గేర్లు. ఇదే బండి సుజుకీ ఆల్టో పేరుతో యూరప్‌కి కూడా ఎగుమతయ్యేది. టాపు కిందికి ఉండేది. మా బావమరిది పొడగరి, ఎక్కిన ప్రతిసారీ మెడ వంచి "ఇది కారా, కొబ్బరి చిప్పా" అనేవాడు. కానీ మూడో గేరులో పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఆ చిన్న ఇంజను ఆర్‌పీఎం పెరిగేకొద్దీ హుషారయ్యేది. చాలా బండ్లు అరుపు పెంచి పరుగు తగ్గిస్తాయి, ఇది రెండూ కలిపి పెంచేది. పవర్ స్టీరింగ్ లేదు. అందుకే టైర్ల కింద రోడ్డు తడో, ఇసుకో, కొత్త తారో చేతులకి ముందే తెలిసేది.

దాన్ని అమ్మొద్దనే అనుకున్నాను. కొత్త కారు వచ్చాక కూడా ఇంటి పక్కన కవరు కప్పి ఉంచాను. వాడకుండా ఉంచితే కారుకి ఏమవుతుందో అప్పుడు దగ్గర్నుంచి చూశాను. ముందు బ్యాటరీ దిగిపోయింది. ఒకే చోట బరువు మోసి టైర్లు అడుగున చదునుబారాయి, నడిపితే మొదట్లో దడదడమనేది. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచడంతో వెనక బ్రేకు షూలు డ్రమ్ములకు పట్టేశాయి, వదిలించేటప్పుడు టప్పుమని చప్పుడు. నిలవ పెట్రోలు తేలికపాటి అంశాలు ఆవిరైపోయి జిగురు కడుతుంది, కార్బ్యురేటర్ జెట్లలో, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల్లో, అదే అడ్డుపడుతుంది. బానెట్ కింద ఎలుకలు వైర్లు రుచి చూశాయి. రోడ్డు మీద అంతకాలం తిరిగినా రాని రోగాలు, నీడపట్టున కూర్చోబెట్టిన కొన్ని నెలల్లో వచ్చాయి. ఆదివారం పూట స్టార్ట్ చేసి కాసేపు ఉంచితే చాలనుకుంటారు గానీ, ఇంజను పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే సైలెన్సర్‌లో పేరుకున్న నీరు అక్కడే ఉండి తుప్పు పట్టిస్తుంది.

అన్నీ బాగుచేయించి, రోజూ నడిపే మనిషిని వెతికి ఇచ్చాను. కొన్నది ఒక కుర్రాడు, మొదటి కారట. ట్రయల్‌కి వెళ్లినప్పుడు మూడో గేరులో వాడి మొహం చూశాను, ఇక బేరం ఆడలేదు.

నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు. "అంకుల్, పొద్దున్నే రెండో గేరు గట్టిగా ఉంటోందండీ, ఏమైనా ప్రాబ్లమా?" ఏమీ లేదు బాబూ, గేర్‌బాక్సు ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది, గేర్ల వేగాలు కలిపే సింక్రోనైజర్‌కి ఒక్క క్షణం టైమివ్వు, న్యూట్రల్‌లో ఆగినట్టు ఆగి వెయ్యి అని చెప్పడం మొదలుపెట్టాను. అక్కణ్నుంచి చోక్‌కి వెళ్లాం, చోక్ నుంచి స్పార్క్ ప్లగ్ గ్యాప్‌కి, అక్కణ్నుంచి వైపర్ మోటారుకి. అన్నం చల్లారిపోతోందని మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. మూడోసారి వచ్చి, "బండి వాళ్లకిచ్చారు సరే, ఫోన్ నంబరెందుకిచ్చారు?" అంది.