28 రోజుల సాట్ తర్వాత నా హిమోగ్లోబిన్ ఎందుకు పడిపోయింది

మొక్కు తీర్చుకుందామని సింహాచలం మెట్లు ఎక్కుతుంటే సగం దారిలోనే ఆయాసం వచ్చి కూలబడ్డాను. నేవీలో పన్నెండేళ్ళు డైవర్‌గా చేసినవాణ్ణి. సముద్రంలో చమురు తీసే ముంబై హైలో నా మొదటి సాట్ ముగించుకుని ఇంటికొచ్చి అప్పటికి నాలుగు రోజులు. వెనకాల వస్తున్న ఒక పెద్దావిడ నన్ను దాటిపోతూ "కూచో నాయనా, తొందరేముంది" అంది. పరువు పోయింది.

సాట్ అంటే సాచురేషన్ డైవింగ్. ఇందులో రోజూ మునిగి తేలడం ఉండదు. ఓడ మీదుండే ఉక్కు ఛాంబర్‌లోకి మమ్మల్ని పంపి, పనిచేయబోయే లోతులో ఎంత ఒత్తిడి ఉంటుందో అంతా లోపల పెంచి, నెల దాకా అందులోనే ఉంచుతారు. తిండి, నిద్ర, స్నానం అన్నీ అక్కడే, పనికి మాత్రం బెల్ అనే చిన్న గదిలో కూచోబెట్టి సముద్రంలోకి దించుతారు. ఒంట్లో కరగాల్సిన గ్యాస్ అంతా ఒకసారి కరిగాక ఇక అక్కడ వారం ఉన్నా నెల ఉన్నా డీకంప్రెషన్‌కు, అంటే ఒత్తిడి మెల్లగా దించడానికి, పట్టే టైం ఒకటే, అందుకే ఈ పద్ధతి. మా లోతు 70 మీటర్లు, అంటే 8 బార్ల ఒత్తిడి, బయటి గాలి ఒత్తిడికి దాదాపు ఎనిమిది రెట్లు. ఆ ఒత్తిడి దించడానికే మూడు రోజులు దాటింది, మొత్తం 28.

అంత ఒత్తిడిలో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ మత్తెక్కిస్తుంది, ఆక్సిజనే విషమవుతుంది. అందుకని హీలియంలో కాస్త ఆక్సిజన్ కలిపి ఇస్తారు. గొంతు బాతు గొంతు అయిపోతుంది. హీలియం ఒంట్లో వేడిని లాగేస్తుంది కాబట్టి ఛాంబర్ 30 డిగ్రీల దగ్గర ఉన్నా, కొంచెం తగ్గిందంటే దుప్పటి వెతుక్కోవడమే.

మెట్ల దగ్గర జరిగింది విని మా ఆవిడ ఊరుకోలేదు, మర్నాడే రక్తపరీక్ష చేయించింది. వెళ్ళేముందు 100 మిల్లీలీటర్ల రక్తానికి 15.2 గ్రాములు ఉన్న హిమోగ్లోబిన్ 13.6కి వచ్చింది. దగ్గర్లోని క్లినిక్ డాక్టరు గారు అన్నీ అడిగి, ఛాంబర్ గ్యాస్‌లో ఆక్సిజన్ 5 శాతమే అని నేను చెప్పగానే "ఇంకేం, ఆక్సిజన్ అందలేదు, తిండీ సరిగా లేదు" అని ఐరన్ మాత్రలు రాశారు. మా అమ్మయితే "నీళ్ళల్లో ఉండి ఉండి రక్తం నీరైపోయిందిరా" అని మేక కార్జం, గోంగూర మొదలుపెట్టింది. నాకేమో టెన్షన్ వేరు, తర్వాతి మెడికల్‌లో అన్‌ఫిట్ అంటే గతేమిటని.

మాత్రలు వేసుకోకుండా మా డైవింగ్ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మొత్తం తిరగేసి చెప్పారు. శాతం చూడకూడదట, ఒత్తిడితో కలిపి చూడాలట. 8 బార్లలో 5 శాతమంటే 0.4 బార్, బయట మనం పీల్చేది 0.21. అంటే నెలరోజులు నేను దాదాపు రెట్టింపు ఆక్సిజన్‌లో బతికాను! మూత్రపిండాలు రక్తంలో ఆక్సిజన్ ఎలా ఉందో ఎప్పుడూ గమనిస్తుంటాయి, ఎక్కువగా కనిపిస్తే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్ తగ్గించేస్తాయి, దాంతో ఎముక మజ్జలో ఎర్రకణాల తయారీ మందగిస్తుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు, రోజూ పాతవి పోతూనే ఉంటాయి, కొత్తవి అంతగా రావు. లేహ్ వెళ్ళిన మన జవాన్లకు హిమోగ్లోబిన్ పెరుగుతుందే, దానికి సరిగ్గా ఉల్టా.

ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్, అప్పుడే తయారైన ఎర్రకణాలైన రెటిక్యులోసైట్లు కూడా చూడమన్నారు. చూస్తే ఐరన్ నిల్వలు దండిగా ఉన్నాయి, కొత్త కణాలు తక్కువ. "ఇటుకలున్నాయి, మేస్త్రీలే సెలవు పెట్టారు" అన్నారాయన. ఆ మాటతో సగం భయం పోయింది.

మరి 1.6 గ్రాములు తగ్గితే అంత ఆయాసమా అని అడిగాను. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది, ఆ లెక్కన 100 మిల్లీలీటర్ల రక్తం మోసే ఆక్సిజన్ సుమారు 20 మిల్లీలీటర్ల నుంచి 18కి పడింది. హిమోగ్లోబిన్‌కు పట్టకుండా నేరుగా రక్తంలో కరిగే ఆక్సిజన్ బయటి గాలిలో 0.3 మిల్లీలీటర్లే, అది ఆదుకోదు. అయినా తప్పంతా రక్తానిది కాదు లెండి, నెలరోజులు నాలుగడుగులు నడవడానికి చోటులేని ఛాంబర్‌లో ఉంటే కాళ్ళు మాత్రం ఏం చేస్తాయి.

మందేమీ లేదు, ఆగడమే. బయటి గాలికి రాగానే మూత్రపిండాలు మళ్ళీ హార్మోన్ పెంచుతాయి, వారాలు పడుతుంది. ఈలోగా రక్తదానం వద్దన్నారు, కొద్దికొద్దిగా నడక పెంచమన్నారు. పది రోజులకు కొత్త కణాలు బాగా పెరిగాయి, అయిదు వారాలకు హిమోగ్లోబిన్ 14.9. మెడికల్‌లో ఫిట్ రాశారు. అప్పట్నించి ఓడ ఎక్కే ముందూ దిగాకా రెండు రిపోర్టులూ ఫైల్లో పెట్టుకుంటున్నా, కొత్త డాక్టరు ఎవరైనా అడిగితే ముందు అవే చూపిస్తా.

మెట్ల మొక్కు కూడా ఆ నెలలోనే తీర్చేశాను, ఈసారి ఎక్కడా కూర్చోలేదు. మా అమ్మ మాత్రం అదంతా కార్జం మహిమే అంటోంది. నేను వాదించట్లేదు, ఎందుకంటే ఇప్పటికీ సాట్ నుంచి వచ్చిన ప్రతిసారీ వండిపెడుతోంది.