నేను చేసే పని, ఆయన చేసిన పని

పాదాల్లో తిమ్మిరితో మొదలైంది. అంతకు 2 వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరనుకుంటారు? మూడో రోజుకి మెట్లు ఎక్కలేకపోయాను. నాలుగో రోజు పొద్దున టూత్‌బ్రష్ చేతిలో నిలవలేదు. డాక్టర్ గారు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూశారు, కాలు ఎగరలేదు. వెన్నులోంచి నీరు తీసి, నరాల టెస్టు చేసి, గిలాన్ బారే సిండ్రోమ్ అన్నారు. రోగాల మీద పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటున మన నరాల మీద పడుతుందట, చాలామందిలో ఏదో ఒక ఇన్‌ఫెక్షన్ తగ్గాకే ఇది వస్తుందట. 5 రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించారు, దానం చేసిన రక్తంలోంచి తీసిన యాంటీబాడీల మందు అది. అది పూర్తి కాకముందే ఊపిరి అందక వెంటిలేటర్ పెట్టారు.

దాని మీద 11 రోజులు ఉన్నాను. మత్తు తగ్గినప్పుడల్లా అన్నీ వినిపించేవి, నర్సుల మాటలు, పక్క బెడ్ మెషిన్ మోత, మా అక్క ఏడుపు ఆపుకోవడం. నాకు కదిలేవి కనురెప్పలే. ఒకసారి వేస్తే అవును, రెండుసార్లు వేస్తే కాదు.

అంతకుముందు నేనెలాంటి మనిషినో చెప్పాలి. ఉద్యోగం, సండే స్కూల్, క్వైర్, యూత్ మీటింగులు, సంఘంలో ఏ పనికి పిలిచినా ముందుండేదాన్ని. రోజూ నా ప్రార్థన ఒకటే, "నన్ను వాడుకో ప్రభువా" అని. ఎవరైనా "దేవుడు నిన్ను బాగా వాడుకుంటున్నాడమ్మా" అంటే ఆ మాట పట్టుకుని వారమంతా బతికేదాన్ని. నా జీవితానికి అర్థం అదేనని నిజంగా నమ్మాను. అందుకే ఆ బెడ్ మీద పైకప్పు చూస్తూ పడుకున్నప్పుడు "నాకే ఎందుకు" అనే ప్రశ్న పెద్దగా రాలేదు, ఇంకో ప్రశ్న తినేసింది. చెయ్యి కూడా ఎత్తలేని మనిషి నీకు దేనికి ప్రభువా?

అక్క సాయంత్రం లోపలికి రానిచ్చే కాసేపట్లో బైబిల్లో పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక కొంచెం కొంచెం చదివేది. 2వ అధ్యాయం 10వ వచనం నాకు చిన్నప్పుడే కంఠతా వచ్చు, అందులో సత్‌క్రియలు (మంచి పనులు) అన్న మాట కోసమే ఎంతమంది పిల్లలకు నేర్పానో. మన తెలుగు బైబిల్లో ఆ మాట ముందొస్తుంది, వాక్యం ముగిసేది మాత్రం "ఆయన చేసిన పనియైయున్నాము" అని. ఆ రోజు ఆ చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లూ నేను చేసే పని గురించే చదువుకున్నాను, నేనే ఆయన చేసిన పనినని, సత్‌క్రియలు ఆ తర్వాత సంగతని ఒక్కసారి కూడా తట్టలేదు. యేసు బాప్తిస్మం పొందినప్పుడు "నా ప్రియ కుమారుడు" అన్న స్వరం వచ్చేసరికి ఆయన ఇంకా ఒక్క అద్భుతం కూడా చేయలేదు కదా అని కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఈ పత్రిక రాసేనాటికి పౌలు కూడా సంకెళ్లలోనే ఉన్నాడు.

రెప్ప ఒకసారి వేశాను. అక్కకి అర్థం కాలేదు. "మళ్లీ చదవనా?" అంది. మళ్లీ ఒకసారి వేశాను.

దాంతో భయం పోయిందని చెప్పను. గొంతులో గొట్టం పెట్టి కఫం లాగే ప్రతిసారీ చచ్చిపోతాననే అనిపించేది. కానీ "నేను పనికిరాను" అన్న ఆ ప్రశ్న మాత్రం తర్వాత అంత గట్టిగా రాలేదు.

ముందు చేతులొచ్చాయి, తర్వాత కాళ్లు. దెబ్బతిన్న నరం మళ్లీ పెరగాలంటే రోజుకి సుమారు 1 మిల్లీమీటరట, అందుకే పాదాలకి అంత ఆలస్యం. ఫిజియోథెరపీతో 7 నెలలకి కర్ర లేకుండా నడిచాను. అరికాళ్లలో మొద్దుబారినట్టు ఇప్పటికీ ఉంది.

అందరూ ప్రేమతోనే అంటారు, "ఏదో పెద్ద పని కోసమే దేవుడు నిన్ను బతికించాడు" అని. ఆ మాట నాకు మింగుడుపడదు. నా పక్క బెడ్‌లో ఉన్న పెద్దాయన చనిపోయారు. మరి ఆయనతో దేవునికి పని లేదనా? బతికినవాళ్లకే ఉద్దేశం ఉంటుందంటే, మంచం పట్టినవాళ్లకి, కడుపులోనే పోయిన బిడ్డకి మనం చెప్పే సువార్త ఏమిటి? నాలో దాచిన పాపమేదో ఉందన్నవాళ్లూ ఉన్నారు. పుట్టు గుడ్డివాడి విషయంలో శిష్యులు అదే అడిగితే వాడూ పాపం చేయలేదు, వాడి తల్లిదండ్రులూ చేయలేదని యేసు చెప్పాడు, యోహాను 9వ అధ్యాయం చూడండి.

సండే స్కూల్‌కి మళ్లీ వెళ్తున్నాను, క్వైర్‌కి వెళ్లడం లేదు. ఆ టైములో మా సంఘంలోని ఒక పెద్దావిడ దగ్గర కూర్చుంటాను. పక్షవాతంతో ఆమెకి మాట పోయింది. పోయినసారి ఏమీ చదవలేదు, గట్టిగా ప్రార్థన కూడా చేయలేదు, చెయ్యి పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. లేచేముందు "ఇంకాసేపు ఉండనా అమ్మా?" అన్నాను. ఆమె రెప్ప ఒకసారి వేసింది.