60 ఎకరాల తోట అమ్మాలంటే ముందు తీసివేత చెయ్యాలి

విశాఖ చుట్టుపక్కల పెద్ద తోట అమ్మకానికి వచ్చిందంటే ప్రకటనలో ఏముంటుందో చదవకుండానే చెప్పొచ్చు. "60 ఎకరాలు, కొండ వాలు, మధ్యలోంచి గెడ్డ (కొండవాగు), సొంత చెరువు, మామిడి, జీడిమామిడి, తెల్లారితే నెమళ్లు." వీటిలో కొండ, గెడ్డ, చెరువు మూడింటినీ కొనేవాడి లాయరు మొదటి వారంలోనే కొట్టేస్తాడు. నెమలి సంగతి సరేసరి, దానికి పట్టాదారు ఎవరూ లేరు.

పెద్ద భూమి బేరం ధర దగ్గర చెడిపోవడం తక్కువ. అడ్వాన్సు చేతులు మారి, సర్వేయరు వచ్చి కొలిచాక "మీరు చెప్పిందెంత, ఇక్కడున్నదెంత" అన్న మాట దగ్గర చెడుతుంది. అక్కణ్ణుంచి ధర ఒక్కసారే పడిపోతుంది. పోయిన ఎకరాలకే కాదు, పోయిన నమ్మకానికి కూడా కొనేవాడు కోత వేస్తాడు. అందుకే ఆ తీసివేతేదో అమ్మేవాడే ముందు చేసుకోవాలి.

ఒక ఊహా లెక్క వేద్దాం. కంచె లోపల 60 ఎకరాలు. 1బిలో, అంటే రెవెన్యూ హక్కుల రికార్డులో, మీ పేరున ఉన్న జిరాయితీ (సొంత పట్టా భూమి) 47. మిగతా 13లో గెడ్డ పోరంబోకు మూడున్నర, చెరువు గర్భం 4, కొండ పోరంబోకు మూడున్నర, ఎప్పుడో పక్క రైతు దగ్గర తెల్ల కాగితం మీద కొన్న డి-పట్టా (ప్రభుత్వం పేదలకి పంచిన అసైన్డ్ భూమి) 2. మీరు అమ్మగలిగింది 47. మిగతా 13 ఆ 47కి అందం తెస్తాయి, అంతే. అందానికి ధర ఉంటుంది, కానీ దాన్ని 47 ఎకరాల రేటులోనే రాబట్టుకోవాలి. దస్తావేజులో 60 అని రాయడం కుదరదు.

డి-పట్టా రెండెకరాల్ని బేరంలో అసలు కలపకండి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద ఆ కొనుగోలే చెల్లదు. 2023 సవరణ 20 ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు హక్కులిచ్చింది గానీ, ఇచ్చింది అసలు అసైనీకి, అతని వారసులకి. మధ్యలో కొన్నవాడికి కాదు. అలా హక్కులొచ్చిన, ఫ్రీహోల్డ్ అనే భూముల రిజిస్ట్రేషన్లను కూడా 2024లో ప్రభుత్వం ఆపింది. ఆ సర్వే నంబరు 22ఎ, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందంటే కొనేవాడి బ్యాంకు మొత్తం ఫైలునే పక్కన పెట్టేస్తుంది.

చెరువు విషయంలో మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. మీ పట్టా భూమిలో మీరు తవ్వించుకున్న నీటికుంట మీదే. కానీ పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో, అంటే డైగ్లాట్‌లో, "చెరువు" అని ఉంటే అది ముప్పై ఏళ్లుగా ఎండిపోయి మీరు నువ్వులు చల్లుకుంటున్నా సరే, ప్రభుత్వానిదే. చెరువు గర్భాల ఆక్రమణ మీద 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక ఏ లాయరూ దీన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. 1బి, అడంగల్ (సాగు రికార్డు) ప్రభుత్వ మీభూమి వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. డైగ్లాట్ నకలు మాత్రం అడిగి తీయించుకోవాలి. అసలు కథంతా ఉండేది అందులోనే.

గెడ్డది ఇంకో చిక్కు. గెడ్డ పటంలో గీసినట్టు ఉండదు, వరదకి దారి మార్చుకుంటుంది. ఎఫ్ఎంబిలో, అంటే సర్వే నంబరు కొలతల పటంలో, గెడ్డ పారినచోట ఇప్పుడు మీ సరుగుడు ఉంటుంది, మీ పట్టాలోంచి గెడ్డ పారుతుంటుంది. రికార్డు ప్రకారం మీ సరుగుడు పోరంబోకులో ఉన్నట్టే. జేసీబీ పెట్టి గెడ్డని పాత దారికి నెట్టే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దు. కేసూ అవుతుంది, మరుసటి తుపానుకి గట్టూ పోతుంది. పటం మీద పాత దారి, ఇప్పటి దారి రెండూ రెండు రంగుల్లో గీసి కొనేవాడి చేతిలో పెట్టండి.

మన ప్రాంతానికే ఉన్న గొడవలు మరికొన్ని. దేవరాపల్లి, మాడుగుల, రావికమతం, గొలుగొండ వైపు కొండ అంచు భూములైతే ఊరి పేరు పట్టుకుని చూడాలి. మండలం మైదానంలో ఉందని ఊరు కూడా మైదానమే అనుకోకూడదు. షెడ్యూల్డ్ ప్రాంతమైతే గిరిజన ప్రాంతాల భూబదిలీ చట్టం 1/70 వర్తిస్తుంది. అక్కడ గిరిజనేతరుడికి బదిలీ చెల్లదు, అమ్మేవాడు కూడా గిరిజనేతరుడే అయినా సరే. నగరం దగ్గరైతే ఇనాం భూములు, సింహాచలం దేవస్థానం పంచగ్రామాల వివాదం ఉండనే ఉన్నాయి. కంబాలకొండ అభయారణ్యం పక్కనైతే పర్యావరణ సున్నిత మండలం హద్దు ఎక్కడిదాకా ఉందో అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. రిసార్టు కడదామని వచ్చేవాడు ముందు అడిగేది అదే. సముద్రం వైపు పోటు రేఖ నుంచి 500 మీటర్ల వరకు తీర నియంత్రణ నిబంధనలు ఉంటాయి.

సర్వే మాట. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (కొత్త భూకమత పటం) నంబర్లు వచ్చి ఉంటాయి. ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల ధ్రువపత్రం, రెండు నంబర్ల మీదా తీయాలి, ఒక్కదాని మీద తీస్తే సగం లావాదేవీలు కనపడవు. కంప్యూటర్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాల్లో వెతికించాలి. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి మీ మండలం ఇప్పుడు అనకాపల్లిలో ఉందో విశాఖలో ఉందో చూసుకుని వెళ్లండి. హద్దుల కోసం ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టండి. సర్వేయరు వచ్చేలోపు మనిషిని పెట్టి మూలల్లో తుప్పలు కొట్టించండి. పాత రాళ్లు చాలావరకు అక్కడే ఉంటాయి, చెదల పుట్టల్లో, తాటి మొదళ్లలో కూరుకుపోయి. నెత్తిన గుర్తు చెక్కిన రాయి ఒకటి దొరికితే పక్క రైతుతో సగం వాదన తీరిపోతుంది. రాయి దొరికిన చోట ఆ పక్క రైతునే నిలబెట్టి ఫొటో తీసుకోండి.

ఇక నీళ్లు. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మెట్ట తోటకి ధర తెచ్చేది నీరే, అందరూ ఎక్కువ చేసి చెప్పేదీ నీటి గురించే. అక్టోబరులో ఏ తోటైనా కోనసీమలా కనిపిస్తుంది. తెలిసిన కొనుగోలుదారు మే నెలలో వస్తాడు. అందుకే కొలతలు ఏప్రిల్, మే నెలల్లో తీసి తేదీ వేసి ఉంచుకోండి.

బోరుకైతే 200 లీటర్ల డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచ్ చాలు. మోటారు వేసిన వెంటనే కొలవకండి, మొదట వచ్చేది బోరులో నిలవున్న నీరు. నాలుగు గంటలు నడిచాక డ్రమ్ము పెట్టండి. 40 సెకన్లలో నిండితే సెకనుకి 5 లీటర్లు, గంటకి 18,000. వ్యవసాయానికి ఇచ్చే 9 గంటల కరెంటులో 1,62,000 లీటర్లు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు నీరు పెట్టాలంటే సుమారు 4,050 లీటర్లు కావాలి. వేసవిలో రోజుకి 5 మిల్లీమీటర్లు వేసుకుంటే ఆ బోరు నిండుగా తడపగలిగేది 8 ఎకరాలు. డ్రిప్పు మీద ఎడంగా ఉన్న మామిడి చెట్లకైతే ఇంకా చాలా దూరం వస్తుంది, ఆ మాట విడిగా చెప్పుకోండి. కానీ "ఒక్క బోరుతో 47 ఎకరాలూ పచ్చగా" అన్నారంటే కొనేవాడి వెంట వచ్చిన మనిషి నవ్వుకుంటాడు.

బావికి తాడు, రాయి. ఆరు మీటర్ల వ్యాసం ఉన్న బావిలో మీటరు లోతు నీరంటే 28,000 లీటర్ల పైమాటే. సాయంత్రం మోటారు ఆపి మట్టం కొలవండి, తెల్లారి మళ్లీ కొలవండి. రెండు మీటర్లు లేచిందంటే రాత్రికి 56,000 లీటర్లు ఊరిందన్నమాట. తాడుకి ముడులు వేసి, ప్రతి ముడి దగ్గరా గుడ్డ పీలిక కట్టి ఉంచితే చూడవచ్చినవాడు తనే దించి చూసుకుంటాడు. పది ఫొటోలకంటే ఆ తాడు మీదే వాళ్లకి నమ్మకం ఎక్కువ. ఎండిపోయిన బోర్లు ఎన్ని ఉన్నాయో కూడా చెప్పండి, వాటికి మూతలు బిగించండి. కొత్త బోరు వేసుకోవచ్చులే అని నోటిమాట ఇవ్వకండి. భూగర్భ జలాల్ని, చెట్లని కాపాడే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి, ఊరి మంచినీటి వనరుకి 250 మీటర్ల లోపలైతే రాదు.

చెట్ల వయసు దగ్గర ఇక్కడివాళ్లంతా ఒకటే అడుగుతారు: హుద్‌హుద్ తుపానుకి ముందువా, తరవాతవా? 2014 అక్టోబరు 12న కూలి మళ్లీ నిలబెట్టిన చెట్లు, కొమ్మలు విరిగి పక్కనుంచి చిగిర్చిన జీడిమామిడి ఇప్పటికీ కళ్లకి కడతాయి. ఖాళీలు పూడ్చి నాటినవి ఎన్ని, పాతవి ఎన్ని, వరసల వారీగా లెక్క రాయండి. టేకు ఉంటే మొదలు చుట్టుకొలతలు విడిగా రాయాలి. టేకు కొట్టడానికి అనుమతి కావాలి కాబట్టి దాని విలువని రొక్కంలా చూపించకండి. సరుగుడు, నీలగిరికి ఆ పేచీ తక్కువ.

అడవి జీవాల్ని ఎలా చూపించాలన్నది మరో ప్రశ్న. అలుగు అనే మాటకి మనకి రెండర్థాలు. ఒకటి చెరువు నిండాక నీరు పొర్లే చోటు, రెండోది ఒంటి నిండా పొలుసులుండి చీమల్ని తినే జంతువు. మొదటి దాని ఫొటో పెట్టండి. రెండోది ఎప్పుడైనా కనిపించినా ఎక్కడుందో ప్రకటనలో రాయకండి, వేటగాళ్లకి దారి చూపించినట్టవుతుంది. నెమలి, ఉడుము, అలుగు అన్నీ 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నవే. బావి మీదికి వాలిన ఈత మట్టకి గిజిగాడి గూళ్లు, గట్టు మీద లకుముకి పిట్ట, తుంగలో నీటికోడి, ఇవి చూపించండి. అడవిపందుల సంగతి దాచకండి. వేరుశనగ వేస్తే ఎంత పోతుందో కొనేవాడికి తరవాతైనా తెలుస్తుంది. కంచెకి కరెంటు తీగ తగిలించి ఉంటే ఈరోజే తీసెయ్యండి, అది నేరం. డ్రోను వీడియో అంటారా, వైజాగ్ చుట్టూ నౌకాదళ స్థావరాలున్నాయి. డ్రోన్లు ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపే డిజిటల్ స్కై పటంలో మీ చోటు ఏ రంగులో ఉందో చూడకుండా ఎగరెయ్యకండి.

ఎవరు కొనగలరో ముందే వడపోస్తే సగం తిరుగుడు తగ్గుతుంది. అమెరికా నుంచి వచ్చే ఫోన్లు ఎక్కువ ఉంటాయి. ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లు) వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక ద్రవ్య చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇక్కడున్న తమ్ముడి పేరున కొంటామంటే ఆ తమ్ముడితోనే మాట్లాడండి. మన రాష్ట్రంలో రైతే కొనాలన్న షరతు లేదు గానీ, 1973 భూసంస్కరణల చట్టం పరిమితి ఉంది. నేల తరగతిని బట్టి పల్లం 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54. లెక్క కుటుంబానికి కాబట్టి భార్య పేరున సగం రాయించుకుంటే సరిపోదు. మీ ఇంట్లో 1975లో డిక్లరేషన్ వేసి ఉంటే ఆ కాగితం వెతకండి. అప్పుడు మిగులు కింద పోయిన సర్వే నంబరు ఇంకా మీ సాగులో ఉండిపోయి ఉండొచ్చు.

రోడ్డు మొగ ఉన్న అయిదెకరాలకి మంచి రేటు వచ్చిందని ముందు అమ్మేశారో, వెనక 42 ఎకరాలకి దారి పోయినట్టే. విడగొట్టి అమ్మాల్సివస్తే ముందు వెనక భూమికి లారీ తిరిగేంత వెడల్పున దారి విడిచి, దాన్ని ప్రతి దస్తావేజులోనూ హద్దుగా రాయించండి. పుంత (బండిదారి) ఉంది కదా అనుకుంటే ఎఫ్ఎంబిలో దాని వెడల్పు చూడండి, ఇప్పుడు నేల మీద ఎంత మిగిలిందో కూడా.

కుటుంబం, కౌలు. అక్కచెల్లెళ్ల సంతకాలు లేని ఉమ్మడి ఆస్తిని కూతుళ్లకీ పుట్టుకతో సమాన వాటా ఉందన్న 2020 వినీతా శర్మ తీర్పు తరవాత బ్యాంకులు ముట్టుకోవు. కౌలుదారుకి 2019 చట్టం కింద ఇచ్చే కార్డు 11 నెలలది, యాజమాన్య హక్కు ఇవ్వదు. కానీ ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో అతని పేరు కనిపిస్తుంది, కాబట్టి కొనేవాడు అడక్కముందే అతనితో కాగితం రాయించుకోండి. తోటలో ఇరవై ఏళ్లుగా ఉన్న కాపలా కుటుంబానికి ఏమివ్వాలో బేరానికి ముందే తేల్చి, ఇచ్చెయ్యండి. రిజిస్ట్రేషన్ నాటికి వదిలేస్తే వాళ్లకీ అన్యాయం, మీకూ ఇబ్బంది.

పన్ను సంగతి క్లుప్తంగా. పది లక్షల జనాభా దాటిన నగరపాలక సంస్థ హద్దు నుంచి గాలిమార్గాన 8 కిలోమీటర్ల అవతల ఉన్న సాగుభూమి మూలధన ఆస్తి కాదు, లాభం మీద పన్ను పడదు. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) హద్దు భీమిలి, అనకాపల్లి దాకా ఉంది, కొలిచేటప్పుడు అక్కణ్ణుంచి కొలవాలి. లక్ష దాటిన పట్టణానికి 6, పదివేలు దాటినదానికి 2 కిలోమీటర్లు. లోపలే ఉంటే, అంతకుముందు రెండేళ్లు సాగులో ఉన్న భూమైతే, రెండేళ్లలో వేరే సాగుభూమి కొని మినహాయింపు పొందే దారి ఉంది. అడ్వాన్సు 20,000 లేదా అంతకు మించితే నగదుగా పుచ్చుకోకండి.

అగ్రిమెంటులో "మొత్తం ఇంత" అని కాకుండా ఎకరానికి ఇంత, ఉమ్మడి సర్వేలో తేలిన విస్తీర్ణానికి అని రాయండి. గడువు తేదీ, గడువు దాటితే అడ్వాన్సు ఏమవుతుందో స్పష్టంగా ఉండాలి. పూర్తి డబ్బు అందేదాకా స్వాధీనం ఇవ్వకండి. స్వాధీనం ఇచ్చినట్టు రాస్తే ఆ అగ్రిమెంటుకే అమ్మకం దస్తావేజంత స్టాంపు పడుతుంది. "మీకు ఎకరానికి ఇంత ఇప్పిస్తా, పైన వచ్చింది నాది" అనే బ్రోకరుకి దణ్ణం పెట్టి పంపించండి. అతను ఎవరికి ఏ అబద్ధం చెప్పాడో మీకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. కమీషను శాతంలో, కాగితం మీద ఉండాలి.

చివరగా చెట్టు మీది కాయ. సంతకాలు ఫిబ్రవరి, మార్చిలో పడితే మామిడి పిందె మీద, జీడి పూత మీద ఉంటుంది. అప్పటికే గుత్తకి ఇచ్చేసి ఉంటే గుత్తదారు కోసుకునే తేదీ దస్తావేజులోకి రావాలి. మోటార్లు, స్టార్టర్ డబ్బా, డ్రిప్పు లేటరల్స్, కరెంటు సర్వీసు నంబరు వేరే జాబితాగా రాసి రెండువైపులా సంతకం పెట్టించండి. కోట్ల బేరాల్లోనూ ఆఖరి రోజు గొడవ వచ్చేది ఏడున్నర హెచ్‌పీ మోటారు దగ్గరే.