నాలుగు కేసెట్ల ఎల్లమ్మ

మా ఇంట్ల ఎల్లమ్మ కథ నాలుగు కేసెట్లల ఉండె. సినిమా పాటల కేసెట్ అయితే నచ్చిన పాట వింటం, నచ్చంది ముందుకు కొడ్తం, కానీ ఒగ్గుకథ గట్ల వినేది కాదు, ఒకటో కేసెట్ ఏ సైడ్ కాడ మొదలుపెడితే నాలుగోదాని బి సైడ్ ఆఖరుదాక పోవాల్సిందే. నడిమిట్ల నుంచి పెడితే నాయిన ఊకునేటోడు కాదు, "తల్లి పుట్టకముందే పెండ్లి చేస్తరా మీరు?" అని అడిగేటోడు. ఇప్పటి పిల్లలకు ప్లేలిస్టులు షఫుల్‌ల తిరుగుతయ్ కాబట్టి వరుస తప్పకుండ వినాల్సిన కథ ఒకటి ఉంటది అంటేనే వింతగ చూస్తరు.

మాది సూర్యాపేట పక్కన ఊరు, అప్పుడు అంతా నల్గొండ జిల్లానే, 2016ల కదా వేరే జిల్లా అయింది. ఆ కేసెట్లు నాయిన పెద్దగట్టు జాతరల కొన్నడు. దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామికి రెండేండ్లకు ఒకసారి మాఘంల అయ్యే జాతర అది, "ఓ లింగా" అనుకుంట గంపలెత్తుకుని జనం గుట్టెక్కుతరు, హైవే మీద బండ్లన్నీ వేరే దారి మళ్లిస్తరు, గంత జనం. కొబ్బరికాయల దుకాణాల పక్కన కేసెట్ల దుకాణం, ఒకటే రేకుల డబ్బల మైకు పెట్టి దినమంతా కథలు వినిపిస్తుండె. మేం కురుమోళ్లం, మా కులదేవుడు బీరప్ప పండుగ చేస్తే ఒగ్గోళ్లు వచ్చి రోజుల తరబడి కథ చెప్పేది మాకు ఎరుకే, కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒగ్గోడిని ఇంటికి పిలుచుకునే వీలు ఆ కేసెట్లతోనే వచ్చింది.

చూడనోళ్ల కోసం ఒక మాట చెప్తా. ఒగ్గు అంటే డమరుకం లెక్కుండే చిన్న వాయిద్యం. పెద్ద కథకుడు ఒకడు, పక్కన వంత పాడేటోళ్లు, డోలు, తాళాలు. కథకుడే రాజు, కథకుడే ఆడబిడ్డ, కండువ నెత్తి మీద కప్పుకుంటే ఎల్లమ్మ, తీసి భుజం మీదేస్తే ఆమె మొగడు జమదగ్ని ముని. జనగామ దిక్కు మాణిక్యపురం చుక్క సత్తయ్య ఇందులో పెద్ద పేరు, సంగీత నాటక అకాడమీ అవార్డు కూడ వచ్చింది, 2017ల పోయిండు. కేసెట్‌ల మాత్రం కండువ కనపడది కదా, ఒట్టి గొంతే. గొంతు సన్నగైతే అమ్మవారు, బొంగురైతే మునీశ్వరుడు, అంతే మాకు తెలిసింది, మిగతాదంతా మేమే అనుకునేటోళ్లం. నా ఎల్లమ్మ మా మేనత్త మొకం పెట్టుకుని ఉండేది, ఎందుకో తెల్వది.

కథ చెప్పేటోళ్లకు సైడు లెక్క ఏం పడ్తది, వాళ్లు రాత్రంతా చెప్పేటోళ్లు. కేసెట్ చేసినోళ్లు టేపు ఎక్కడ అయిపోతే అక్కడ కోసిన్రు. అట్ల కోయంగ కోయంగ ఒక దిక్కు కరెక్టుగ ఎక్కడ తెగిందంటే, కొడుకు పరశురాముడు గొడ్డలి పట్టుకుని వెంటపడితే ఎల్లమ్మ ఉరుక్కుంట పోయి మాదిగవాడల ఒక ఇంటి ముంగట నిలబడి తలుపు కొడ్తది, లోపల్నుంచి ఎవరు అని అడుగుతరు, డోలు ఒక్కసారి గట్టిగ పడ్తది, ఇగ అంతే, టక్ అని బటన్ లేస్తది. సైడు తిప్పేందుకు నేను మా అన్న కొట్లాడేది అక్కడ్నే. ఒక్కోసారి అప్పుడే కరెంటు పోతుండె, అప్పుడు ఎల్లమ్మ ఆ తలుపు కాడ్నే తెల్లారిందాక నిలబడేది. ఇంకో కాడ టేపు రీలు ఒకసారి మిషిన్ల ఇరికి నలిగింది, పెన్సిల్ పెట్టి చుట్టినం గాని ఆ జాగల గొంతు సాగి సాగి వస్తుండె, అది ఎల్లమ్మ ఏడుపే అనుకున్నం చాన్నాళ్లు, కథోడు భలే ఏడుస్తడురా అని మా అన్న మెచ్చుకునేటోడు.

ఇక్కడ డాలస్‌ల ఒక రాత్రి గిన్నెలు కడుక్కుంట బతుకమ్మ పాటలు పెట్టిన, అది అయిపోయినంక యూట్యూబ్ దానంతటదే ఏదో ఎల్లమ్మ కథ ఎత్తుకుంది. మా కేసెట్ కాదు అది, గొంతు వేరు, ఊరు వేరు, వీడియో పెట్టినోళ్లు ఎవరో పండుగల తీసింది, వెనకాల పిల్లలు అరుస్తున్నరు. కానీ ఇసుక కుండ కాడికి వచ్చేసరికి నా నోరు కథోని కంటె ముందే కదులుతున్నది. ఇసుకతోని కుండ చేసి, పామును చుట్టకుదురు చేసి నెత్తి మీద పెట్టుకుని మొగనికి నీళ్లు తెచ్చే తల్లి, ఒకనాడు నీళ్లల్ల పరాయి మొగోని నీడ చూసి మనసు చెదిరితే కుండ నిలబడక ఇసుకైపోతది. సింకుల నీళ్లు పోతనే ఉన్నయ్, నేను అట్ల నిలబడ్డ. తలుపు కాడికొచ్చింది, డోలు పడ్డది, నేను టక్ కోసం చూసిన. రాలే. తలుపు తీసిన్రు, కథ ముందుకు పోయింది.

పెద్దయినంక వింటే కథ వేరే ఉంటదని అందరు అంటరు, ఆ మాట నాకు పెద్దగ నచ్చది గాని ఇక్కడ నిజమే. మొదటిది, వంతోడు వేసే జోకులు. గవి నాయిన మా ముంగట ఎట్ల వినిపించిండో ఇప్పటికి అర్థం కాదు, అన్నీ బూతులే, మాకు తెల్వక మేం డోలు చప్పుడుకు నవ్వేటోళ్లం. రెండోది పరశురాముడు. చిన్నప్పుడు వాడే నా హీరో. తండ్రి చెప్పిండు, తల్లి తల నరికిండు, ఏం కావాల్నో కోరుకో అంటే తల్లిని బతికియ్యమన్నడు, ఎంత తెలివిగల్లోడు అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు ఏడేండ్ల కొడుకున్నడు. నీళ్లల్ల ఒక నీడ చూసినందుకు ఒక ఇల్లంతా కలిసి ఒక ఆడదాన్ని ఎంత దూరం తరిమింది అన్నదే వినపడ్తది నాకు, ఆ వరం సంగతి తర్వాత. మూడోది, దాచింది ఎవరు. ముని ఆశ్రమం వాళ్లు కాదు, రాజులు కాదు. తోలు ఊనేసే లంద గోలెంల దాచిన మాదిగ ఇల్లు. పట్టుకున్నంక అక్కడ్నే ఎల్లమ్మతోపాటు ఆ ఇంటి ఆడామె తల కూడ తెగుతది, మళ్ల బతికించేటప్పుడు తలకాయలు మారిపోతయ్. అందుకే మా ఊర్ల ఎల్లమ్మ బోనం ఎత్తేటప్పుడు ఏ వాడ నుంచి మొదలైతదో చూస్తే కథ అర్థమైతది. ఊర్ల మామూలు దినాల్ల మాత్రం ఆ వాడ మీదికెళ్లి ఎవరు నీళ్లు తాగేటోళ్లు కాదు, అది కథోడు చెప్పలే, మేం చూసినం.

పిల్లలకు వినిపియ్యాల్నా వద్దా అని మా ఆయనతోని పెద్ద పంచాయితే అయింది. ఆయనది పాలమూరు, అచ్చంపేట దిక్కు. "తల్లి తల నరికే కథ ఏడేండ్లోనికి ఎందుకు, రేపు స్కూల్ల చెప్తే కౌన్సిలర్ ఫోన్ చేస్తది" అంటడు. మళ్ల ఆయన మాత్రం పండుగ సాయన్న కథ వినుకుంట పెరిగిండు, ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన సాయన్నను దొర్లు పట్టించి చంపిన కథ, అదేమన్న మెత్తగుంటదా? పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని ఆ కథ పాడే దర్శనం మొగిలయ్యకు 2022ల పద్మశ్రీ వస్తే ఈయన వారం దినాలు ఆఫీసుల అందరికి ఆ వీడియో చూపించిండు. "మీ సాయన్న చస్తే కల్చర్, మా ఎల్లమ్మ చస్తే కౌన్సిలరా" అని అడిగిన. ఇగ మాట్లాడలే.

హ్యూస్టన్ పోతున్నప్పుడు కార్ల పెట్టిన. నాలుగు గంటల రోడ్డు, ఫోన్లు చూసి చూసి చార్జింగ్ అయిపోయింది పిల్లలకు, అదీ అసలు సంగతి, లేకుంటే ఒప్పుకునేటోళ్లు కాదు. పెద్దదానికి పదకొండు, తెలుగు వింటే సగం తెలుస్తది, మాట్లాడుమంటే ఇంగ్లీషే. చిన్నోనికి ఇంకా తక్కువ. ఈ ఒగ్గుకథ స్పీడు తెలుగు ఏం అర్థమైతదిలే అనుకున్న గాని అక్కడ్నే ఒకటి పట్టుకున్న. కథకుడు ఒక మాట అంటే వంతోడు ఊకెనే ఉండడు, ఆఁ అంటడు, "ఎటు పోయిందన్నా?" అని మళ్ల అడుగుతడు, కథకుడు అదే మాట ఇంకో తీరుగ చెప్తడు, పాటల మూడోసారి వస్తది. రాత్రి పూట కల్లు తాగి కూసున్నోళ్లు, కునుకు తీసి లేసినోళ్లు, లేటుగ వచ్చినోళ్లు అందరికి అందాలని చేసుకున్న ఏర్పాటు అది, డాలస్‌ల పుట్టిన పోరగానికి కూడ సరిగ్గ సరిపోయింది. నేను ఎన్ని ఫ్లాష్‌కార్డులు కొన్ననో, వాటితోని రాని మాటలు వంతోని ప్రశ్నలతోని వచ్చినయ్. కోర్సికానా దాటేసరికి చిన్నోడు వెనక సీట్ల కూసుని ప్రతిదానికి ఆఁ అంటున్నడు.

ప్రశ్నలు కూడ మనం అనుకున్నవి రాలే. చిన్నోనికి తల నరికిన కాడ ఏం కాలే, వీడియో గేములల్ల అంతకంటె ఎక్కువ చూస్తరు. వాని బాధంత ఇసుక కుండ. తడి ఇసుకైతే ఎంతసేపు నిలబడ్తది, బీచ్‌ల మనం కట్టింది అట్లనే ఉండె కదా, ఆమె ఉరికితే వణుకుడుకే పగుల్తది, మనసుతోని ఏం సంబంధం అంటడు. పెద్దది చానాసేపు కిటికీలకెళ్లి చూసి, "ఆయన తలుచుకుంటె ఆ నీడ ఎవరిదో కూడ తెలుసుకోవచ్చు కదా, పెద్ద మునీ గదా, ఆమెను ఒక్కమాట ఎందుకు అడగలే?" అన్నది. మా ఆయన డ్రైవింగ్ చేసుకుంట అద్దంల నన్ను చూసిండు. నేను ఏం చెప్పలే, నాతాన జవాబు లేకుండె.

అసలు నన్ను మండిచ్చింది వేరే ఉన్నది. ఇక్కడ మా పిల్లలు ఆదివారం క్లాసుకు పోతరు, శ్లోకాలు, శతక పద్యాలు, సంకీర్తనలు, పెద్దదైతే కూచిపూడి కూడ. మంచిగనే నేర్పుతరు, నాకేం కిరికిరి లేదు. కానీ మా ఇంట్ల మా తాత కాలంల, ఆయన తాత కాలంల ఎవ్వరూ ఒక్క సంకీర్తన పాడలే, గజ్జె కట్టలే. ఇక్కడికి వచ్చినంక అదే మన సంస్కృతి అయింది, మా ఇంట్ల నిజంగ ఉన్నది ఎటో పోయింది. ఒకసారి ఉగాది ప్రోగ్రాంకు ఎల్లమ్మ కథ ఒక పదిహేను నిమిషాలు పిల్లలతోని చేపిద్దామని అడిగితే, "అది కొంచెం రఫ్‌గా ఉంటుంది కదండీ, డోలు అయితే పెడదాం, ఎంట్రీకి బాగుంటుంది" అన్నరు. అన్నామెకు చెడ్డ ఉద్దేశం లేదు, నవ్వుకుంటనే అన్నది. గదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. తెలంగాణ వచ్చినంక, 2014ల బతుకమ్మను, బోనాలను రాష్ట్ర పండుగలు చేసినంక ఇక్కడ కూడ మనోళ్ల పండుగలు పెద్దగ అయితున్నయ్, సంతోషమే. కానీ ఒగ్గు సంగతి ఎట్లయిందంటే డోలు స్టేజీ ఎక్కింది, మనిషి మీద మనిషి నిలబడి విన్యాసాలు, లైట్లు, ఫోటోలు, కథ మాత్రం ఎక్కలే. డోలుకు లంద గోలెం వాసన రాదు కాబట్టి.

నాయినకు ఫోన్ చేసి కేసెట్లు ఉన్నయా అని అడిగిన. ఉన్నయంట, బీరువ మీద అట్టడబ్బల, రీలుకు బూజు పట్టిందంట, మూడోది ఎవరో చుట్టం తీసుకపోయి తేలేదంట, ఎవరో కూడ గుర్తున్నది ఆయనకు, తిట్టిండు కూడ. టేప్ రికార్డర్ ఎప్పుడో పాత సామాన్లోనికి పోయింది. "అవెందుకు బిడ్డా, నాకు నోటికే వస్తది" అన్నడు. అట్ల మొదలైంది. మాకు శనివారం రాత్రి అంటే వాళ్లకు ఆదివారం పొద్దున, చాయ్ తాగుకుంట వాట్సాప్ వీడియోల కూసుంటడు. డోలు లేదు, స్టీలు గ్లాసు మీద వేలితోని కొడ్తడు. చిన్నోడు ఇటు నుంచి ఆఁ అనాలె. నెట్ లేటయ్యి ఆఁ ఆలస్యంగ పోతే ఆయన ఆగి, "పండుకున్నవారా మనుమడా" అంటడు.

పంచాయితి ఎక్కడొచ్చిందంటే, నాయిన చెప్పే కథ కేసెట్ కథ కాదు. వాళ్లమ్మ, అంటే మా నాయనమ్మ చెప్పిన లెక్క చెప్తున్నడు. అందులో ఎల్లమ్మ తలుపు కొట్టినప్పుడు ఆ ఇంటామె ఎవరు ఏంది అని ఏం అడగది, సప్పుడు చెయ్యక గోలెం మూత తీస్తది. పెద్దది ఒప్పుకోలే. "నో తాతా, షీ ఆస్క్‌డ్ హూ ఈజ్ ఇట్, మమ్మీ వీడియోల ఉన్నది, డోలు కూడ పడ్తది" అన్నది. నాయిన గ్లాసు కింద పెట్టిండు. "మీ అమ్మ వీడియో ఎవనిదో నాకేం ఎరుక, మా అమ్మ అబద్ధం చెప్తదా?" అన్నడు. ఇద్దరు చానాసేపు గదే కొట్లాడిన్రు, ఇది ఇంగ్లీషుల, ఆయన నల్గొండ తెలుగుల, ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైనా ఇద్దరూ తగ్గలే. ఆఖరికి పెద్దగట్టు కాడికి రా, ఒగ్గోళ్లనే అడుగుదాం, అన్నడు నాయిన. మళ్ల జాతర 2027 మాఘంల. ఫిబ్రవరిల ఇక్కడ స్కూలు సెలవులు ఉండయ్, గన్ని రోజులు మానితే లెటర్ వస్తది ఇంటికి. కారణం ఏం రాయాల్నో నువ్వే ఆలోచించు అని పెద్దదానికే చెప్పిన, దాని కిరికిరే కదా ఇది.