హాయ్ గైజ్ వద్దు, యాల్ ముద్దు

ఇంగ్లిష్‌లో నలుగురినీ కలిపి ‘మీరంతా’ అనాలంటే ఏ మాట వాడాలి? నా ఓటు ‘యాల్’కే, అంటే ‘యూ ఆల్’కి పొట్టి రూపం. ఇంగ్లిష్‌లో ఒకప్పుడు ఒక్కరైతే ‘దౌ’, పలువురైతే ‘యీ’. తర్వాత ‘యూ’ రెండిటినీ మింగేసింది. ఆ లోటును ఒక్కో చోట ఒక్కోలా పూడ్చుకున్నారు: అమెరికా దక్షిణాదిన యాల్, పిట్స్‌బర్గ్‌లో యిన్జ్, ఐర్లండ్‌లో యూజ్. యిన్జ్ నా నోట వస్తే వేషం కట్టినట్టే ఉంటుంది!

‘యూ గైజ్’తోనే నా పేచీ. 1605లో లండన్‌లో పార్లమెంటును పేల్చబోయి పట్టుబడ్డ గై ఫాక్స్ దిష్టిబొమ్మను ‘గై’ అనేవారు. అదే చింపిరి బట్టలవాడికీ, ఆపైన ఏ మగాడికైనా పేరైంది. ఆడవాళ్లకూ వర్తిస్తుందంటారు గానీ, ‘ఆ గై ఎవరు?’ అంటే ఎవరికైనా మగాడే గుర్తొస్తాడు. ‘ఫోక్స్’ పర్లేదు, కాస్త ఎన్నికల ప్రసంగంలా ఉంటుందంతే. టీమ్ ఈమెయిల్‌లో ‘హాయ్ ఆల్’ రాస్తాను. మీటింగ్‌లో మాత్రం యాల్, టెక్సస్ యాస రాకపోయినా సరే.